క్రోము గుంటలు

తొంభైల చివర పెళ్లయి, పొన్నూరు పక్క మాగాణి ఊరి నుంచి కనిగిరి అవతల కొండల కిందున్న మెట్ట ఊరికి కాపురానికొచ్చాను. మా చేనుకు వెళ్లే దారిలో వాగు ఒడ్డున పెద్ద పెద్ద గుంటలుండేవి. ఒకప్పుడు ఎవరో కాంట్రాక్టరు అక్కడి గులకరాళ్లు తవ్వించి, కడిగించి, అడుగున దిగిన నల్లటి క్రోము ఖనిజపు రవ్వను లారీలకెత్తించాడట. వయసులో ఉండగా మా మామగారు అక్కడే కూలికి వెళ్లారు. గిట్టుబాటు కాక కాంట్రాక్టరు వెళ్లిపోయాడు. గుంటలు అలాగే ఉండిపోయాయి. అన్నిటికన్నా లోతైన గుంటలో ఎండాకాలం కూడా నీళ్లుండేవి. ఎంత దాహమైనా గేదెలు అటు దిగేవి కావు.

మూడో ఏడు వానలు మొహం చాటేశాయి. బోరు ఎండింది. మిరప తోట పూత మీద వాడిపోతుంటే, ఆ గుంట దగ్గర ఆయిలింజను పెడతానన్నారు మా ఆయన. మామగారు చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశారు.

“వద్దురా. ఒడ్డు కింద అంతా డొల్ల. రాళ్ల కోసం లోపలికి తొలుచుకుంటూ పోయాం. నీళ్లు తీసేస్తే ఒడ్డు నిలబడదు.”

మా ఆయన వినలేదు. రెండు రోజులు నీళ్లు పారాయి. తోట తేరుకుంది. మూడో రోజు అన్నం తీసుకెళ్లేసరికి గుంట సగానికి దిగి, గోడల్లో నల్లటి బొరియలు బయటపడ్డాయి. మామగారు దూరంగా నిలబడి వాటినే చూస్తున్నారు. నన్ను చూసి, గొంతు తగ్గించి చెప్పారు.

“ఇద్దరు అందులో ఉండిపోయారమ్మా. మట్టి కూలింది. తియ్యనివ్వలేదు. పని ఎగ్గొట్టి పారిపోయారని చెప్పమన్నాడు కాంట్రాక్టరు. నేనూ అదే చెప్పా.”

గాలి లేకపోయినా అవతలి గోడ నుంచి గులకరాళ్లు ఒక్కొక్కటే నీళ్లలోకి జారుతున్నాయి.

“ఏవండీ, ఇంజను వదిలేసి ఇటు రండి,” అని కేకేశాను.

ఆయన విసుక్కుంటూనే వచ్చారు. పది అడుగులు వేశారో లేదో, వెనక ఒడ్డు ఇంజనుతో సహా లోపలికి కూర్చుండిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. నీళ్లు మాత్రం చాలాసేపు సుళ్లు తిరిగాయి.

తోట దక్కలేదు. ఆ వారంలోనే మామగారు నన్ను వెంటబెట్టుకుని పొదిలి దగ్గర ఒక పల్లెకు వెళ్లారు. చనిపోయిన ఇద్దరిలో ఒకతని భార్య అక్కడుంది. తల నెరిసిపోయింది. నుదుట రూపాయంత బొట్టు, కాళ్లకు మెట్టెలు. భర్త ఎక్కడో పనిలో ఉన్నాడనే ఇన్నేళ్లూ అనుకుంది.

మామగారు నేల చూస్తూ జరిగిందంతా చెప్పారు. ఆమె ఏడవలేదు. తిట్టలేదు.

“ఇంకెవరికన్నా చెప్పావా?” అని అడిగింది.

లేదన్నారాయన.

“చెప్పమాక,” అంటూ లోపలికి వెళ్లి తలుపేసుకుంది.