కర్టెన్ చాటు మనిషి

2006 ప్రాంతంలో నెవాడాలోని ఒక చిన్న గని ఊళ్ళో మేం అద్దెకున్న ఇంటి గోడకి ఇత్తడి పలక ఉండేది, పాత వెండి గని కార్మికుల కోసం కట్టిన చారిత్రక గృహమని. చారిత్రకం అంటే చలికాలం కిటికీలు మూసుకోవని, ఎండాకాలం తెరుచుకోవని అర్థం. వీధంతా అలాంటి ఇళ్ళే. చివర గుట్ట మీద, మూతపడిన గని నోటిపైన, పొడుగాటి చెక్క కట్టడం ఒకటి నిలబడి ఉండేది. గాలి వీస్తే అది కిర్రుమనేది. దాని కింద కార్మికుల హాలు, పాత కోర్టు, రెండింటికీ తాళాలే. మా ఎదురిల్లు మ్యూజియం.

మా ముందుగది కిటికీ దగ్గర నేల చెక్క రెండుచోట్ల గుంటలుగా అరిగిపోయి ఉండేది, ఎవరో ఏళ్ళ తరబడి అక్కడే నిలబడ్డట్టు. ఊడుస్తుంటే చెత్తంతా ఆ గుంటల్లోనే ఆగేది. వాటిలో నా కాలు పెట్టడానికి మాత్రం ఎందుకో మనసొప్పేది కాదు.

మావారు కొండ అవతలి బంగారు గనిలో ఇంజినీరు. సొరంగాల్లోకి గాలి సరిగా అందుతోందో లేదో చూడటం ఆయన పని. అంటే రోజూ భూమి లోపలికి దిగాల్సిందే. అది తలుచుకుంటేనే నాకు గుండె దడ. ఫోన్‌లో ఏడిస్తే మా అమ్మ ఉపాయం చెప్పింది.

"రోజూ నువ్వే ఎదురెళ్ళవే. ముత్తైదువ ఎదురైతే ఏ ఆపదా రాదు."

నేనూ ఇంజినీరింగ్ చదివినదాన్నే. భయం ముందు ఏ చదువూ పనిచేయదు. తెల్లవారుతుండగా ఆయన ట్రక్ ఎక్కే వేళకి వీధి మొగ దాకా నడిచి, నిండు నీళ్ళ జగ్గుతో ఎదురొచ్చేదాన్ని. ఆయన అద్దం దించి నవ్వేవారు.

"నువ్వు ఎదురు రాకపోతే ఈ ట్రక్ స్టార్టే కాదు," అనేవారు.

నేను నడుస్తుంటే వీధిలో కర్టెన్లు కదిలేవి. ఒక్కరూ బయటికొచ్చేవారు కాదు. ఎదురింటి కిటికీలోంచి ఒకావిడ కదలకుండా నన్నే చూసేది. మర్యాదకి తల ఊపేదాన్ని. ఆవిడ ఊపేది కాదు. ఎంత పొగరో అనుకునేదాన్ని.

ఒక శనివారం ఆ మ్యూజియంలోకి వెళ్తే, ఆవిడ మనిషే కాదు, బొమ్మ. పాతకాలపు గౌను తొడిగి కిటికీకి ఒక అడుగు వెనగ్గా నిలబెట్టారు. తలుపు దగ్గర కాకుండా ఇక్కడెందుకు పెట్టారని మ్యూజియం చూసుకునే పెద్దావిడని అడిగాను.

"మగవాళ్ళు షిఫ్ట్‌కి వెళ్ళే వేళ ఆడవాళ్ళు వీధిలోకి వచ్చేవాళ్ళు కాదు," అందావిడ. "గనికి పోయేవాడికి ఆడమనిషి ఎదురైతే వాడిక తిరిగి రాడని నమ్మకం. అందుకే ఇళ్ళ వెనకాల వాళ్ళకి వేరే సందు వేశారు. సాగనంపడమంతా ఇలా కర్టెన్ చాటు నుంచే." నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు ఆడవాళ్ళూ గనిలో దిగుతున్నారు, అది పాత మాటే అనుకో. కానీ రోజూ నిన్ను చూస్తున్నాం. చెప్పాలో వద్దో తెలియలేదు."

నాకు కోపం వచ్చింది, అమ్మ మీద, ఆవిడ మీద, ఆ ఊరి మీద. అంతకుముందు వారమే గనిలో పైకప్పు రాలి ఒకతని కాలు విరిగింది. నేను ఎదురెళ్తే ఆయనకి గండమా, వెళ్ళకపోతే గండమా? ఎవరిని అడగను?

సోమవారం నుంచి వెళ్ళడం మానేశాను. చలి ఎక్కువగా ఉందని ఆయనకి చెప్పాను. ట్రక్ చప్పుడు వినగానే వెనక వంటింట్లోకి పోయి, తలుపు వేసుకుని, ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా కళ్ళు మూసుకుని సింక్ పట్టుకుని నిలబడేదాన్ని. కిటికీలో కనపడినా ఎదురైనట్టే అవుతుందేమోనని అటు తొంగి కూడా చూడలేదు. రోజూ సాయంత్రం ఆయన క్షేమంగా వచ్చేవారు.

తర్వాత ప్లేనో నగరంలో ఆయనకి ఆఫీసు ఉద్యోగం దొరికి వచ్చేశాం. ఒక సాయంత్రం టీ తాగుతూ ఆయన ఆ ఊరి సంగతి ఎత్తారు.

"నిజం చెప్పనా? నువ్వు ఎదురొచ్చినప్పటికంటే, అది మానేశాకే నాకు ధైర్యంగా ఉండేది. మన ముందుగది విండో దగ్గర కర్టెన్ కొంచెం పక్కకి లాగి నిలబడేదానివి చూడు. నేను టర్న్ తిరిగేదాకా కదిలేదానివి కాదు."

కప్పు కింద పెట్టేశాను. ఎదురింటి బొమ్మ నీడ మన కిటికీ అద్దంలో కనిపించి ఉంటుందండీ అని చెప్పబోయాను.

"ఒక్కరోజు కూడా మిస్ కాలేదు," అన్నారాయన. "నేను చెయ్యి ఊపితే నువ్వూ ఊపేదానివి."

అరిగిన ఆ రెండు గుంటలు కళ్ళముందు మెదిలాయి. భయమేసింది. ఆ భయం వెనకే అసూయ కూడా కలిగింది. ఆయన్ని రోజూ సాగనంపింది నేను కాదు.

"అవును," అన్నాను. "చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి."

మర్నాడు ఆయన ఆఫీస్‌కి బయల్దేరుతుంటే ముందుగది కిటికీ దగ్గరికి వెళ్ళి, కర్టెన్ కొంచెం పక్కకి లాగి నిలబడ్డాను. ఆయన చెయ్యి ఊపారు. నేనూ ఊపాను. కారు మలుపు తిరిగేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.