మచ్చలక్క దిద్దని ముఖాలు

ఆమె ఫొటో స్టూడియో వెనక గదిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. నెగెటివ్‌ను వెలుతురుకు ఎదురుగా పెట్టుకుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో జనం ముఖాల మీది మచ్చలు, గాట్లు, కళ్ళ కింది ముడతలు మాయం చేయడం ఆమె పని. అందుకే అందరికీ ఆమె మచ్చలక్క.

పెన్సిలు పెట్టేముందు ఏది దిద్దాలో చూసుకోవడానికి ఒక చిత్తు ప్రింటు తీసేవారు. పని కాగానే అది చెత్తబుట్టలోకి పోయేది. మచ్చలక్కకేమో తను దిద్దిన ముఖాలకంటే దిద్దని ముఖాలే ముద్దొచ్చేవి. యజమానిని అడిగి ఇంటికి తెచ్చుకుని, అట్టపెట్టెల్లో దాచుకునేది. దర్జీ పనిచేసే భర్త వేళాకోళమాడేవాడు.

"ఊరంతా మన మంచం కిందే కాపురం పెట్టింది. ఇక మనమెక్కడికి పోదామే?"

స్టూడియో మూతపడింది. చూపు తగ్గి ఆయనా కుట్టుమిషన్లు అమ్మేశాడు. ఆయన కొట్టు నడిపిన ఇంటి ముందువైపు రెండు గదులు ఖాళీగా మిగిలితే, "గోడలకు తగిలించి నలుగురికీ చూపించు" అన్నది కూడా ఆయనే. రెండు వందల ఫొటోలు ఎంచి, ఆదివారాలు తలుపులు బార్లా తీసిపెట్టింది. ఆ నోటా ఈ నోటా పాకి జనం రాసాగారు. తమ మామయ్య వంకర పన్ను చూసి పడీపడీ నవ్వినవాళ్ళున్నారు.

మూడో ఆదివారం ఒక నర్సు వచ్చింది. రెండో గదిలో ఒక ఫొటో ముందు ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ అమ్మాయి, దవడ పొడుగునా కాలిన మచ్చ. నర్సు దవడ మీదా అదే మచ్చ.

"ఇది కనబడకుండా చేయమని చెప్పి మరీ తీయించుకున్నానండీ. ఎవర్నడిగి గోడకెక్కించారు?"

మచ్చలక్క ఫొటో తీసి ఆమె చేతికిచ్చింది.

"నాకు నచ్చి దాచుకున్నానమ్మా. మిమ్మల్ని అడగాలని తోచనే లేదు. తప్పు నాదే."

నర్సు ఫొటోను సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే మచ్చలక్క గోడలన్నీ ఖాళీ చేసింది. "ఒక్కరికి కోపమొస్తే అన్నీ పీకేస్తావా?" అని భర్త నొచ్చుకున్నాడు. "మిగతావాళ్ళు ఇంకా చూడలేదు, అంతే" అంది. గుమ్మానికి ఒక కాగితం అంటించింది: "మీ ఫొటో ఇక్కడ ఉండవచ్చు. వచ్చి మీరే చూసుకోండి. పెట్టమంటే పెడతాను, వద్దంటే పట్టుకెళ్ళండి."

చాలామంది పట్టుకెళ్ళారు. ఒక బస్సు డ్రైవరు మాత్రం మొటిమల గుంటలతో ఉన్న తన పాత ముఖాన్ని తనే మేకు కొట్టి మరీ తగిలించాడు. ఏడాదికి గోడల మీద నలభై మూడు చేరాయి.

ఒకరోజు నర్సు మళ్ళీ వచ్చింది, ఈసారి వాళ్ళమ్మతో. పోయిన తండ్రి ఫొటో ఏమైనా ఉందేమోనని. ముగ్గురూ నేల మీద కూర్చుని వెతికారు. నాలుగో పెట్టెలో దొరికింది. ముఖం నిండా మశూచి మచ్చలు.

పెద్దామె ఫొటోను రెండు చేతులా పట్టుకుంది. "ఇదిగో, ఈయనే. ఇంట్లో ఉన్న ఫొటో ఎవరిదో అన్నట్టుంటుంది."

"గోడకు పెట్టనా అమ్మా?" మచ్చలక్క అడిగింది.

నర్సు తన తల్లి వంక చూసింది. "వద్దండీ. ఇంటికి తీసుకెళ్తాం."

మచ్చలక్క లేచి, ఫొటో నలగకుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టి దారంతో కట్టి ఇచ్చింది.