గాలి తిరగలేదు

మా వీధిలో అందరూ మగ్గాల మీది పడుగులు కోసేశారు. మా అమ్మ ఒక్కతే కోయనంది. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, చేతులు ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది. నేను కత్తెర పట్టుకుని ఆమె ఎదురుగా నిలబడ్డాను. వాకిట్లో ఎదురింటి పెద్దాయన. భుజాన మూట, చేతిలో మేక తాడు.

"ఏం వదినా, లేస్తావా లేదా? నిప్పొచ్చి నిన్ను అడిగి అంటుకుంటాదా?"

"రానీప్పా. వస్తే పీట వేస్తాలే."

"మగోళ్ళమే పోతాండాము. నువ్వేం నిలబెడతావు ఈడ?"

"నిలబెట్టేదేముండాది? కూచోనుండా కదా."

ఆయన నా వైపు తిరిగి, "మీ అమ్మకు పిచ్చి పట్టిండాదబ్బీ, నువ్వన్నా కోయ్," అని మేకను లాక్కుంటూ స్టేషన్ దారి పట్టాడు.

ఇది అరవైల్లో ఒక ఎండాకాలం, ధర్మవరంలో జరిగింది. నాకు ఇరవై దాటాయి. ఒక దినపత్రికకు ఊరి వార్తలు రాసి పంపేవాణ్ణి. పట్టు నేత నాకు చేతకాలేదు. పెనుకొండ వైపు గుట్టల్లో బోదగడ్డి మూడు రోజులుగా కాలుతోంది. హిందూపురం నుంచి వచ్చిన రైలు దిగినవాళ్ళు పట్టాల పక్కనే మంటలు చూశామని చెప్పారు. నాలుగో రోజు మా ఊరికి దక్షిణాన ఉన్న గుట్ట అంటుకుంది. అప్పటికే ఆకాశమంతా పొగ కమ్మేసింది. అది ఎటు పోతోందో కంటికి తెలియలేదు.

నేతపనివాళ్ళకు గాలి చూడడం పనిలో భాగం. పడుగును, అంటే చీర పొడవునా సాగే దారాలను, మగ్గానికి ఎక్కించే ముందు వీధిలో చాచి సరిచేస్తారు. దానికి ముందు గుంజకు ఒక పట్టుపోగు కట్టి చూస్తారు. పోగు గట్టిగా లేచిందంటే ఆ పూట పని మానేస్తారు. ఆ రోజు వీధిలో ప్రతి గుంజకూ కట్టిన పోగు ఉత్తరానికి లేచింది. అంటే దక్షిణపు గుట్ట మీది గాలి మా మీదికే వస్తోందన్నమాట. ఏళ్ళుగా నమ్ముకున్న పోగును ఎవరూ అనుమానించలేదు. నేనూ అనుమానించలేదు. మిద్దెల మధ్య బోద కప్పిన కొట్టాలు చాలా ఉండేవి. ఒక్క రవ్వ పడితే చాలు.

గుంట మగ్గాన్ని మోసుకుపోలేరు. పట్టు దక్కాలంటే పడుగు కోసి చుట్టుకుపోవాలి. హడావుడిగా కోస్తే వేల పోగులు చిక్కుపడతాయి. మళ్ళీ ఒక్కొక్కటీ అతికినా చీరలో ఆ మచ్చ పోదు. పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు, మగవాళ్ళనైతే నాలుగు మాటలని మళ్ళీ ఇస్తాడు. మా అమ్మ సంగతి వేరు. నాయన పోయాక ఆమే గుంటలో కూర్చుంది. ఆడమనిషికి పట్టు ఇవ్వనని షావుకారు నెలల తరబడి తిప్పి, చివరికి "ఒక్క పడుగు ఇచ్చి చూస్తా, చెడిందా ఇంక రావద్దు" అన్నాడు. మగ్గం మీద ఉన్నది ఆ పడుగు.

"కత్తెర ఆడ పెట్టి, ఒక పోగు తీసుకొని మిద్దెక్కు," అంది అమ్మ.

"వీధంతా చూసినామమ్మా."

"వీధిలో కదా చూసింది! దినామూ పైన పట్టు ఆరేసేది నేను. కింది గాలిని గోడలు యాడికి తిప్పితే ఆడికి పోతాది. పైన చూడు."

మిద్దెక్కి, పట్టు ఆరేసే కర్రకు పోగు కట్టాను. అది తిన్నగా పడమటికి లేచింది. చాలాసేపు చూశాను. గాలి తూర్పు నుంచి వస్తోంది. ఉత్తర దక్షిణాలుగా ఉన్న మా సందులో పడి, గోడలకు కొట్టుకుని ఉత్తరానికి మళ్ళుతోంది. నిప్పు ఊరి వైపు రావడం లేదు.

కిందికి వచ్చి చెప్పాను.

"ఇంకా కోస్తావా?"

"కోయను."

"అట్లయితే పక్కకు జరుగు, వెలుతురుకు అడ్డమొస్తాండావు," అని అడ్డపోగు నడిపే నాడె చేతిలోకి తీసుకుంది.

స్టేషన్‌కు పరుగెత్తి అందరికీ చెప్పాను. "మిద్దె మీది గాలి మీ అమ్మకు చుట్టమా?" అని నవ్వారు. పొద్దు గూకేలోపు మంట గుట్ట వెంబడే పడమటికి సాగి, బండల దగ్గర ఆరిపోయింది. జనం తిరిగొచ్చి, చిక్కుపడిన పట్టు ముందేసుకుని అరుగుల మీద కూర్చున్నారు.

ఆ సాయంత్రమే వార్త రాసి పంపాను. వీధి వీధంతా పొరబడిందని రాయడానికి చెయ్యి రాలేదు. రేపు మొహం చూడాల్సింది వాళ్ళనే. "సకాలంలో గాలి దిశ మారడంతో ముప్పు తప్పింది" అని రాశాను. అట్లాగే అచ్చయింది.

నెల తర్వాత అమ్మ చీర తీసుకుపోయింది. షావుకారు మడత విప్పి, దీపం దగ్గర పెట్టి వెతికినా ఒక్క తప్పు దొరకలేదు.

"నేత బాగుండాదమ్మా. గాని గాలి తిరక్కపోయింటే నా పట్టు బూడిదే కదా. ఇంత మొండిదానికి ఇంకో పడుగియ్యలేను."

"గాలి తిరగలేదప్పా. ముందునుంచీ పడమటికే పోతాండె."

"పేపర్లో పడిండాది. రాసింది నీ కొడుకే."

అమ్మ ఇంటికొచ్చి ఆ వార్త నాతో రెండుసార్లు చదివించుకుంది.

"గాలి యాడ తిరిగిందిరా? నీ కళ్ళతో చూసి గూడా ఇట్ల రాసినావే!"

నేను పేపరు మడిచాను.

"మళ్ళీ రాయి. అది పేపర్లో పడినాక, ఆ పేపరు పట్టుకొనే ఆయప్ప గడప తొక్కుతా."

ఆ రాత్రే సవరణ రాశాను. మొదటినుంచీ వీచింది తూర్పు గాలేననీ, వీధిలో చూసిన పోగే తప్పుదారి పట్టించిందనీ. పత్రిక వేయలేదు. మళ్ళీ పంపాను. వేయలేదు. అమ్మ మగ్గానికి పట్టుకు బదులు నూలు ఎక్కించింది. ఆమె నేత కావాలని షావుకారే మనసు మార్చుకుని మనిషిని పంపినా వెళ్ళలేదు. "పేపర్లో పడిందా?" అని అడిగి వెనక్కి పంపింది.

తర్వాత నేను అదే పత్రిక డెస్కులో చాలా ఏళ్ళు పనిచేశాను. సవరణలు వేయడం నా చేతిలోనే ఉండేది. పాత వార్త కదా అని ఊరుకున్నాను. అమ్మ పోయేదాకా పట్టు ముట్టలేదు. ఆ సవరణ ఇంతవరకూ అచ్చు కాలేదు.