ఎర్రనీళ్ళలో వదిలేసిన వల

మా చిన్నప్పుడు... ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి ఇంకా ఎన్నో ఏళ్ళు కాలేదు. దానికి ఎగువన గోదారి పెద్ద చెరువులా నిండుగా నిలబడి ఉండేది. తెల్లవారుతూనే అయ్య, అమ్మ, నేను నావ వేసుకుని అక్కడికి బొచ్చె చేపల వేటకు వెళ్ళేవాళ్ళం. నాకప్పుడు పదకొండేళ్ళు. నావలో చేరిన నీళ్ళు తోడడం, పడిన చేపల్ని వలలోంచి విడదీయడం నా పని.

ఆ వల అమ్మ అల్లింది... పొలం కూలీ, వంటా అయ్యాక అరుగు మీద కూర్చుని, నూలు తనే వడికి, ముడి మీద ముడి వేసుకుంటూ వస్తే ఏడాది పట్టింది. మాకున్నది ఆ ఒక్క వలే.

ఆ ఆషాఢంలో ఒక పొద్దున వల వేశాక నీళ్ళ రంగు మారింది. ఎగువన ఎక్కడో వానలు పడ్డట్టున్నాయి... చూస్తుండగానే ఎర్రనీళ్ళు దిగాయి. అయ్య వల తీయబోయేసరికి, వరదలో కొట్టుకొచ్చిన పెద్ద మాను ఒకటి అందులో చిక్కుకుంది. వల తాడేమో నావ కొమ్ముకు కట్టి ఉంది. మాను వలను లాగుతోంది, వల మమ్మల్ని లాగుతోంది... దిగువన ఆనకట్ట మీదుగా నీళ్ళు దూకుతున్న హోరు.

అయ్య గెడ వేస్తే అడుగు అందలేదు. అమ్మ ఎంత తెడ్డు వేసినా నావ ఆగడం లేదు. తాడు పక్కన ఉన్నది నేనే. కత్తీ నా దగ్గరే ఉంది.

"కోసెయ్యవే నూకాలూ," అంది అమ్మ.

"కొయ్యకు. అది పోతే ఏం తిని బతుకుతాం?" అన్నాడు అయ్య.

ఇద్దరి మొహాలూ చూశాను. అమ్మ నా వైపు చూడడం లేదు... వల వైపే చూస్తోంది. కత్తి తీశాను. తడిసిన తాడు ఒక పట్టాన తెగలేదు. రెండు చేతులా పట్టి కోశాను. చివరి పోగు తెగగానే నావ గిర్రున తిరిగింది. వాళ్ళిద్దరూ కలిసి ఎలాగో నావను నది మధ్యనున్న లంక ఒడ్డుకు చేర్చి, రెల్లు దుబ్బులు పట్టుకున్నారు. మాను ఆనకట్ట మీదుగా దొర్లిపోవడం అక్కణ్ణించే చూశాం... దాంతోపాటు అమ్మ వల కూడా.

ఆ రోజు అయ్య నాతో మాట్లాడలేదు. మర్నాడూ లేదు. పొలాల్లో గట్లు వేసే కూలికి వెళ్ళి వచ్చి, తల వంచుకుని తినేవాడు. నా మీద కోపమే అనుకుని, ఆయన ఎదటపడడానికే భయపడేదాన్ని.

దసరా వెళ్ళాక అమ్మ కొత్త వల మొదలుపెట్టింది. ఒక సాయంత్రం అమ్మ అల్లుతుంటే అయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మెల్లగా, "నేనైతే కోసుండేవాణ్ణి కాదే... ముగ్గురం పోయేవాళ్ళం," అన్నాడు.

అమ్మ తల ఎత్తలేదు గానీ, ముడి వేస్తున్న చేతులు ఆగిపోయాయి.

ఇప్పుడు వరద వస్తుంటే ముందే తంతి కబురు అందుతోంది. నావలు ఒడ్డెక్కించమని చాటింపు వేస్తున్నారు. మంచిదే... వలలకు మిల్లు నూలు సంతలోనే దొరుకుతోంది. అరుగుల మీద నూలు వడికే ఆడవాళ్ళే కనబడడం లేదు. ఆ ముళ్ళు వేయడం మా మనవరాళ్ళలో ఒక్కదానికీ రాదు.

మీ ఇళ్ళలోనూ గోదారి మీద బతికిన పెద్దవాళ్ళు ఉంటారు కదండీ... వాళ్ళు ఏం వదులుకుని ఒడ్డుకు చేరారో ఒకసారి అడిగి చూడండి. చెబితే మాకూ చెప్పండి.