వెర్లన్ తుపాకీకి బీమా

వెర్లన్ టాకెట్‌కి డెబ్భై దాటాక దొరికిన కొలువల్లా ఒక కుర్చీ. జీతం లేదు, సెలవుల్లేవు. చర్చి గుమ్మం దాటగానే గొడుగులు పడేసే డబ్బా పక్కన ఓ ఇనప మడతకుర్చీ ఉంటుంది, అదీ. ఆదివారం పాటలూ ప్రసంగమూ అయ్యేదాకా అందరూ పాస్టరు వైపు తిరిగి కూచుంటే, వెర్లన్ ఒక్కడూ తలుపు వైపు తిరిగి కూచుంటాడు. చొక్కా కింద నడుముకి చిన్న పిస్తోలు ఉంటుంది. దీన్ని కాపలా దళం అంటారు. దళం అంటే బోలెడంతమంది అనుకునేరు, ముగ్గురే: వెర్లన్, హోయిట్, వాళ్ళ నాయకుడు గార్లండ్ ప్రూయిట్. ముగ్గురికీ కలిపి సరిగ్గా వంగే మోకాళ్ళు రెండుంటే గొప్ప.

నవ్వితే నవ్వారుగానీ ఆ కుర్చీ విలువ వెర్లన్‌కి తెలుసు. అమెరికాలో కెంటకీ కొండల మధ్య ఆ లోయలో వయసంతా ఇంటింటికీ వంటగ్యాస్ పోసే ట్యాంకరు నడిపాడు. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏది ఊరికే మొరిగి ఊరుకుంటుందో అతన్నడగాలి. మంచు పడే రోజుల్లో అతని బండి చప్పుడు వినపడితే చాలు, జనం కాఫీ కప్పుతో వాకిట్లోకొచ్చి నిలబడేవాళ్ళు. రిటైరయ్యాక అతనికోసం వాకిట్లోకొచ్చే మనిషి లేడు. పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతూ నెడ్రా కాళ్ళకి అడ్డం పడేవాడు. ఆవిడ చీపురుతో ఊడుస్తూ, కాళ్ళెత్తవయ్యా అంటే కాళ్ళెత్తేవాడు, అదే ఆ రోజుకి పని. కుర్చీ దొరికాకే మనిషి మళ్ళీ గడ్డం నున్నగా గీసుకోవడం మొదలెట్టాడు.

ఇప్పుడు ఆ కుర్చీకే ఎసరొచ్చింది. ఎసరు పెట్టింది గార్లండ్. ఓ బుధవారం చర్చి భోజనాలకి బీమా మనిషినొకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనిషి చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె రెండు పళ్ళేలు లాగించి, మూతి తుడుచుకుని, నెమ్మదిగా అందరి గుండెల్లోనూ రాయి వేశాడు. మీరు దుర్మార్గుణ్ణి కాల్చారనుకోండి, న్యాయం మీ వైపే ఉందనుకోండి, అయినా కేసు పడుతుంది, లాయరు కావాలి, బెయిలు కావాలి, చచ్చినవాడి చుట్టాలు వేరే దావా వేస్తారు, ఇల్లూ వాకిలీ పోతాయి, నెలనెలా మాకింత కట్టండి, ఆ గొడవంతా మేం చూసుకుంటాం అన్నాడు. అన్నిటికంటే పెద్ద దెబ్బ గార్లండ్ కొట్టాడు. వచ్చే నెల మొదటి ఆదివారానికి బీమా లేనివాడు దళంలో ఉండడానికి వీల్లేదు, కుర్చీ ఖాళీ చెయ్యాల్సిందే అని తేల్చేశాడు. తనది ముందే కొనేశాడట, కార్డు తీసి అందరికీ చూపించాడు.

వెర్లన్ ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. నెడ్రా యాపిల్ పై అనే తీపిరొట్టె చెయ్యడానికి పళ్ళ తొక్క తీస్తోంది. మొత్తం విని, కత్తి ఆపకుండానే అడిగింది.

"ఇంతకీ ఎవర్ని కాలుస్తావు?"

"ఎవర్నని చెప్తాం. దుర్మార్గుడెవడైనా వస్తే."

"మన లోయలో దుర్మార్గుడెవడో చెప్పు. తాగి గొడవచేసే మేబ్రీ వాళ్ళ కర్టిస్సా?"

వెర్లన్ కాసేపు ఆలోచించాడు. కర్టిస్ వస్తే ఏంచేస్తాడు? కూచోబెట్టి కాఫీ ఇస్తాడు, వాళ్ళమ్మకి ఫోన్ చేస్తాడు. నెడ్రా వదల్లేదు. పెళ్ళాన్ని వెంటబడి తరిమే స్లోన్ అంది, మత్తుబిళ్ళలకి అలవాటుపడ్డ ఫుగేట్ అన్నదమ్ములంది. ఒక్కొక్కడికీ వెర్లన్ దగ్గర ఒక సమాధానం ఉంది, ఒక్కదాంట్లోనూ పిస్తోలు లేదు. వాళ్ళందరిళ్ళకీ గ్యాస్ పోసినవాడాయె, వాళ్ళ కుక్కల పేర్లు కూడా తెలుసు. చివరికి చిరాకొచ్చి, ఊరు తెలీనివాడు వస్తేనో అన్నాడు. అయితే వాడికోసం కట్టుకో అంది నెడ్రా, తొక్కలన్నీ ఊడ్చి కోళ్ళ డబ్బాలో పడేస్తూ.

కట్టాలా వద్దా అన్నది జోరీగలాగా చెవిలో దూరింది. కడితే, మనిషిని చంపడానికి వాయిదాల మీద సిద్ధపడ్డట్టుంటుంది. కట్టకపోతే కుర్చీ పోయి మళ్ళీ నెడ్రా చీపురు ముందు కాళ్ళెత్తుకు కూచోవాలి. ఒకరోజు ధైర్యం చేసి కంపెనీకి ఫోన్ కొట్టాడు. ఎత్తినమ్మాయి తేనె పూసినట్టు మాట్లాడింది. నేను అసలు కాల్చకపోతే అనడిగాడు వెర్లన్. అప్పుడు మీకు మా అవసరమే రాదండీ అంది. మరి డబ్బో అంటే, డబ్బు మాత్రం ప్రతి నెలా మాకు వస్తుందండీ అంది. వెర్లన్ థాంక్స్ చెప్పి పెట్టేశాడు. ఆ రాత్రి కలలో కోర్టు వచ్చింది, జడ్జి కుర్చీలో గార్లండ్ ఉన్నాడు.

గడువుకి ముందు ఆదివారం వర్షం దంచేస్తోంది. ముందురోజు తిన్న చిల్లీ, కారం దట్టించిన ఆ మాంసం కూర, వెర్లన్ కడుపులో గొడవ మొదలెట్టింది. రెండో పాట అయ్యేసరికి ఇక ఆగేది కాదని, హోయిట్‌కి సైగ చేసి మగవాళ్ళ బాత్రూంకి పరుగెత్తాడు. తుపాకీ కట్టుకున్నవాళ్ళకి అక్కడొక చిక్కుంది, అది వాళ్ళకే తెలుసు. బెల్టు విప్పితే ఒర జారిపోతుంది. అందుకని పిస్తోలు ఒరతో సహా తీసి, టాయిలెట్ పేపరు చుట్ట పెట్టే డబ్బా మీద భద్రంగా పెట్టాడు. పని కానిచ్చి, చేతులు కడుక్కుని, ప్రార్థన మొదలవకముందే వచ్చి కుర్చీలో పడ్డాడు. తేలికగా అనిపించింది. కడుపు తేలికపడిందనుకున్నాడు పాపం.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఎవడో కొత్తమనిషి. పొడుగాటి కోటు, తలమీంచి నీళ్ళు కారుతున్నాయి, మొహం బిగుసుకుపోయి ఉంది. కుడిచెయ్యి కోటు లోపల ఉంది. ఆ చెయ్యి కదులుతోంది. ఇన్నేళ్ళుగా వెర్లన్ ఎదురుచూసిన ఊరు తెలీనివాడు వీడే. వెర్లన్ చెయ్యి దానంతటదే నడుముకి పోయింది.

నడుముకి ఏమీ లేదు.

 లేచి నిలబడ్డాడు, ఇంకేం చెయ్యాలో తెలీక, గ్యాస్ పోయడానికి వెళ్ళినప్పుడు గుమ్మంలో అనే మాటే నోటికొచ్చింది. "వానలో తడిసిపోయారు, లోపలికి రండి," అన్నాడు. ఆ మనిషి కోటులోంచి చెయ్యి బయటికి తీశాడు. చేతిలో కుక్కపిల్ల, చెవులొక్కటే పెద్దవి, గజగజ వణుకుతోంది. కారు జారి గుంటలో పడిందట, ఫోనుకి సిగ్నల్ లేదట, పిల్ల చలికి చచ్చేలా ఉందని కోటులో దాచుకుని దీపం కనపడ్డవైపు నడిచొచ్చాడట. వెర్లన్ తన కోటు విప్పి కుక్కపిల్లకి చుట్టాడు. మనిషికి వేడి కాఫీ పోశాడు. ట్రాక్టరున్నవాడికి కబురంపాడు. ఆ తర్వాత గుర్తొచ్చింది, నడుము ఎందుకు ఖాళీగా ఉందో. బాత్రూంకి పరుగెత్తాడు. డబ్బా మీద పిస్తోలు లేదు.

గదంతా గాలించాడు. చెత్తబుట్టలో చూశాడు, కమోడు వెనక చూశాడు, ఎవర్నీ అడగలేడు. కాపలావాడి తుపాకీ పోయిందని చర్చిలో ఎలా అడుగుతాడు? నెడ్రాని ఎక్కించుకుని కారు నడిపి ఇంటికొచ్చాడు. నెడ్రా వెనక సీట్లోంచి నీలి పువ్వుల మూతగిన్నె తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. పియానో వాయించే ఒనీటమ్మగారిచ్చిందంది. మీ ఆయన మర్చిపోయాడు, ఇంటికెళ్ళేదాకా మూత తియ్యకు అందట. మూత తీసింది. చారల తువ్వాల్లో చుట్టి, ఒరతో సహా, పిస్తోలు.

నెడ్రా గిన్నెలోకి చూసింది. మొగుడి వైపు చూసింది. "దీన్ని ఏ వేడి మీద ఉడికించాలో చెప్పిందా ఆవిడ?" అంది.

ఒనీటమ్మగారికి తొంభై దగ్గరపడ్డాయి. ఆడవాళ్ళ బాత్రూం ముందు వరసుంటే ఆవిడ మొహమాటం లేకుండా మగవాళ్ళ దాంట్లోకి పోతుంది. దళంలో ముగ్గురికీ చిన్నప్పుడు సండేస్కూలు చెప్పింది ఆవిడే, ముగ్గురి చెవులూ మెలేసింది కూడా ఆవిడే. ఇదంతా తలుచుకుని వెర్లన్ సిగ్గుతో చితికిపోతూ కుర్చీలో కూలబడ్డాడు. నేల చూస్తూ భార్యతో మాట్లాడాడు.

"వాడు కోటులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డప్పుడు నా చెయ్యి నడుముకి పోయింది నెడ్రా. అక్కడేం లేదు. నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది."

నెడ్రా ఈసారి వెక్కిరించలేదు. వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది.

బుధవారం దళం కూచుంది. బీమా సంగతేంటి బ్రదర్ అన్నాడు గార్లండ్. వెర్లన్ దాచుకోలేదు, కొనలేదన్నాడు. ఎందుకు కొనలేదో చెప్పాలంటే బాత్రూం సంగతి చెప్పాలి, అదీ చెప్పాడు, కుక్కపిల్లతో సహా. ఇకమీదట తుపాకీ ఇంట్లోనే పెట్టి వస్తానన్నాడు. గార్లండ్ ఎర్రబడ్డాడు. తిట్టబోతున్నాడనుకున్నారు. కానీ గార్లండ్ మెల్లిగా అడిగాడు.

"నీలి పువ్వుల గిన్నా?"

"నీలి పువ్వుల గిన్నే."

"నాది క్రిస్మస్ ముందు," అన్నాడు గార్లండ్, కిటికీలోంచి బయటికి చూస్తూ. హోయిట్ బిక్కమొహం వేసుకుని, నాది రెండుసార్లు అన్నాడు. రెండోసారి ఆవిడ దాంతోపాటు బిస్కెట్లు కూడా పెట్టిందట, బాధపడకురా అని. గార్లండ్ ఇంకో సంగతి కూడా బయటపెట్టాడు. బాత్రూంలో మర్చిపోతే బీమా వర్తిస్తుందా అని కంపెనీని అడిగాడట. వర్తించదట. ముగ్గురూ కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వారు. నవ్వడం అయ్యాక మాత్రం గార్లండ్ మళ్ళీ నాయకుడయ్యాడు. నవ్వు నవ్వే, రూలు రూలే, తుపాకీ లేని కాపలా ఏం కాపలా, ఆదివారం పొద్దున కుర్చీ మడిచి సామాన్ల గదిలో పెట్టేస్తానన్నాడు. వెర్లన్ లేచి వచ్చేశాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

ఆదివారం అతను నీలి పువ్వుల గిన్నె చేత్తో పట్టుకుని చర్చికెళ్ళాడు. కుర్చీ లేకపోతే ఎక్కడ కూచోవాలో కూడా తేల్చుకోలేదు. గుమ్మం దాటి చూశాడు. గొడుగుల డబ్బా పక్కన కుర్చీ ఉంది. దాంట్లో ఒనీటమ్మగారు కూచుని ఉంది, ఒళ్ళో పాటల పుస్తకం పెట్టుకుని. ఎదురుగా గార్లండ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వీడు పొద్దుట్నుంచీ ఈ కుర్చీ మడవాలని చూస్తున్నాడురా వెర్లనూ," అంది ఆవిడ. "నన్ను లెమ్మనడానికి ధైర్యం చాలడం లేదు. పోయిన వారం ఆ తడిసినవాణ్ణి లోపలికి పిలిచింది ఎవర్రా, వీడా? నా పాట వేళయింది. నువ్వొచ్చి కూచో."

గార్లండ్ పక్కకి జరిగి దారిచ్చాడు. వెర్లన్ చెయ్యందించి ఆవిణ్ణి లేపాడు. తర్వాత తలుపు వైపు తిరిగి కుర్చీలో కూచున్నాడు. ఒనీటమ్మగారు గిన్నె అందుకుని, చేత్తో బరువు చూసి, అనుమానంగా మూత కొంచెం ఎత్తింది. లోపల నెడ్రా చేసిన యాపిల్ పై, ఇంకా వేడిగా ఉంది.

"హమ్మయ్య, ఈ గిన్నెలో ఒట్టి తినేదే పెట్టి ఎన్నాళ్ళయిందిరా," అనుకుంటూ ఆవిడ పియానో దగ్గరికి పోయింది.