ట్రాన్స్‌ఫార్మర్ ఊరేగింపు

ఇదంతా నేను ఎప్పుడో రాయవలసింది. అక్షరాలు రాక రాయలేదు. బడికి పోవలసిన వయసులో శెనక్కాయ చేలో కలుపు తీశాను. అందులో ఏడవడానికి ఏమీ లేదు, మా ఈడు ఆడపిల్లలందరూ అక్కడే ఉన్నారు. యాభై దాటాక బోరు దగ్గర మోటారు కొట్టంలో కూర్చుని నేర్చుకున్నాను. సేద్యానికి ఇచ్చే కరెంటు ఏ పూట వస్తుందో, వచ్చింది ఎప్పుడు పోతుందో ఇచ్చేవాళ్ళకే తెలియదు కాబట్టి తోటలో ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ కాపలా నాకూ మా కోడలికీ పడింది. ఆ పిల్ల ఇంటర్ చదివింది. ఊరికే కూర్చోలేక ఒకరోజు బొగ్గు ముక్క తీసుకుని కొట్టం గోడ మీద అ, ఆ రాసి నన్ను దిద్దమంది. కరెంటు సక్రమంగా వచ్చి ఉంటే నేను ఈ జన్మలో చదువు నేర్చుకునేదాన్ని కాదు. ఆ ఒక్క మేలుకు మాత్రం కరెంటు వాళ్ళకు దండం పెడతాను.

అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక నేను మొదట చదివింది ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర కొట్టిన రేకు. పుర్రె బొమ్మ కింద ‘అపాయం’ అని ఉంది. ఎవరివల్ల అపాయమో మాత్రం రాయలేదు.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద మా బోరు, చుట్టుపక్కల వాళ్ళ బోర్లు ఉన్నాయి. మోయగలిగినదానికంటే ఎక్కువ మోటార్లు దానికి తగిలించారు. కరెంటు రాగానే అన్నీ ఒక్కసారి లేస్తాయి. అది మూలుగుతుంది, నూనె కారుతుంది, ఎండాకాలం నడిమిట్లో ఒకరోజు ఢామ్మని పేలి ఊరుకుంటుంది. ఏటా ఉన్నదే.

పేలిన తర్వాత మా ఊళ్ళో జరిగే పని బయటివాళ్ళు చూస్తే జాతర అనుకుంటారు. లైన్‌మన్ వచ్చి పైలైను ఆపేసి, వేపచెట్టు నీడలో బండి మీద కూర్చుంటాడు. మా మగవాళ్ళు పైకెక్కి బోల్టులు విప్పుతారు. తాళ్ళు కట్టి, అంత బరువును మెల్లగా దింపి, ట్రాక్టర్ ట్రాలీలో గడ్డి పరిచి, దాని మీద కూర్చోబెడతారు. కదలకుండా నలుగురు అటూ ఇటూ కూర్చుని పట్టుకుంటారు. కొత్తచెరువు అవతల ఉన్న రిపేరు సెంటరు దాకా అలా ఊరేగించి, అక్కడ ఎండలో పడిగాపులు కాసి, ఏదో ఒక పాతది ఎక్కించుకుని వచ్చి, మళ్ళీ వాళ్ళే పైకెత్తి బిగిస్తారు. ఇది కరెంటు సంస్థ చేయవలసిన పని అని ఒక్కడికీ తోచదు. పైగా అదొక గొప్ప. “పక్కూరోళ్ళకు రెండు దినాలు పడ్తాది. మేమైతే ఒక్క పూటలో దింపి ఎత్తేస్తాం,” అని టీకొట్ల దగ్గర చెప్పుకుంటారు. తాళ్ళ పని అంటే మా ఆయన్నే పిలవాలి. ఒకసారి తాడు జారి ఆయన కాలి బొటనవేలు నలిగింది. ఇప్పటికీ ఆ గోరు నల్లగా, వంకరగా ఉంటుంది. దాన్ని కూడా పతకంలా చూపించుకుంటాడు.

ఈ ఎండాకాలం మా చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, మొదటి కాపు. అంతకు ముందున్న చీనీ చెట్లు నీళ్ళు లేక నిలువునా ఎండిపోతే, గొడ్డలితో కొట్టి పొయ్యిలోకి వాడుకున్నాం. ఆ చోటే మళ్ళీ మొక్కలు నాటి, నాలుగేళ్ళకు పైగా చంటిపిల్లల్లా సాకాం. ఇప్పుడు కొమ్మకొమ్మకూ నిమ్మకాయంత పిందె ఉంది. రెండు తడులు తప్పితే పిందె రాలుతుంది. ఇంకో రెండు తప్పితే చెట్టే పోతుంది. అప్పుడు సరిగ్గా పేలింది ట్రాన్స్‌ఫార్మర్.

లైన్‌మన్ బండి దిగకుండానే పైకి చూసి, “కాలిపోయిందన్నా,” అన్నాడు మా ఆయనతో.

“కనపడతానే ఉండాది లేప్పా. ఎప్పుడు మారుస్తారు?” అని నేను అడిగాను.

“నాదేముందక్కా? మీరు దింపి సెంటరుకు తీసకపోండి. ఆడ ఉంటే ఇస్తారు.”

“లేకుంటే?”

“వచ్చినప్పుడు ఇస్తారు.”

ట్రాక్టర్ మూడో రోజు పొద్దునకు గాని దొరకలేదు. అది అంతకు ముందే ఇంకో ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌ను ఊరేగించడానికి పోయి ఉంది.

మధ్యలో ఒక రోజు మిగిలింది కదా, ఆ రోజే పుట్టపర్తిలో కరెంటు మీద బహిరంగ విచారణ. మా పొదుపు సంఘానికి కబురొచ్చింది, ఊరికి ఇద్దరు ఆడవాళ్ళు రావాలి, బస్సు పంపిస్తాం, భోజనం ఉంటుంది అని. కుర్చీలు నింపడానికి ఎప్పుడూ మా సంఘాలే గుర్తొస్తాయి వాళ్ళకు. మిగతావాళ్ళు విసుక్కున్నారు. నేనూ కోడలూ పోతామన్నాం.

కరెంటు అమ్మే సంస్థల మీద పెత్తనం చేయడానికి ఒక కమిషన్ ఉందట. రేటు ఎంత ఉండాలో, చెడిపోయింది ఎన్ని రోజుల్లో బాగుచేయాలో అదే నిర్ణయిస్తుందట. సంస్థలు దాని మాట వినాలట. బస్సులో కోడలు ఇదంతా చెప్పింది.

“మరి ఇన్నేండ్లు యాడుండారు వీళ్ళు?” అన్నాను.

“ఆఫీసులో ఉండారత్తా,” అంది.

దారిలో కొండల మీద గాలిమరలు కనిపించాయి. గాలి బాగానే ఉంది, అయినా కొన్ని రెక్కలు కదలకుండా నిలబడి ఉన్నాయి. చెడిపోయాయేమో అనుకున్నాను.

విచారణ ఒక కల్యాణ మండపంలో పెట్టారు. అంతకు ముందు జరిగిన పెళ్ళి అలంకరణ ఇంకా విప్పలేదు. వధూవరులు కూర్చునే వేదిక మీద, వాడిన బంతిపూల దండల కింద, కమిషన్ పెద్దలు కూర్చున్నారు. అక్షింతలు వేయడమే తక్కువ. నడిమి కుర్చీలో ఉన్నాయన అధ్యక్షుడు. తెల్లటి మనిషి, మెత్తటి గొంతు. ఆ గొంతుతో ఏమీ ఇవ్వకుండానే అన్నీ ఇచ్చినట్టు మాట్లాడగలడు.

సంస్థ తరఫు అధికారి తెర మీద బొమ్మలు వేసి చెప్పుకుంటూ పోయాడు. పొద్దుగూకాక కరెంటు చాలకపోతే, కరెంటు అమ్ముకునే బజారు ఒకటుంది, అందులో ఎంత రేటున్నా కొని ఇస్తున్నారట. మిట్టమధ్యాహ్నం ఎక్కువైపోతే, లైన్లు తట్టుకోలేవని మన కొండల మీది గాలిమరలనే ఆపమంటున్నారట. అప్పుడు అర్థమైంది నాకు. అవి చెడిపోలేదు. కరెంటు ఎక్కువై ఆపారు! కరెంటు ఎక్కువైపోయిన జిల్లాలో నా చెట్లు కరెంటు లేక పిందె రాలుస్తున్నాయి. దీన్ని ఆయన ‘సమతుల్యం’ అన్నాడు. పెద్దలు తలలూపారు.

తర్వాత ఇంకో బొమ్మ వేశాడు. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ మాట కనిపించేసరికి కూడబలుక్కోవడం మొదలుపెట్టాను. సగం చదివేలోపు తిప్పేశాడు. నేను లేచి నిలబడ్డాను.

“సామీ, ఆ బొమ్మ ఎనక్కి తిప్పు.”

మండపంలో నవ్వులు. అధ్యక్షుడు మెత్తగా, “చెప్పండమ్మా, మీ సమస్య ఏమిటి?” అన్నాడు.

“సమస్య తర్వాత చెప్తా సార్. ఆడ రాసింది చదవనీండి.”

తిప్పారు. నాకు చదవడానికి ఎంత సేపు పట్టిందో అంత సేపూ వాళ్ళు కూర్చోవలసి వచ్చింది. ‘కాలిన ట్రాన్స్‌ఫార్మర్లలో గడువు దాటి మార్చినది ఒక్కటీ లేదు’ అని ఉంది. పైకే చదివాను.

“గడువు ఎప్పుడు మొదలైతాది సార్?”

“ఫెయిలైన ట్రాన్స్‌ఫార్మర్ మా సెంటరుకు చేరినప్పటి నుంచి,” అన్నాడు అధికారి.

“ఆడికి తెచ్చేదెవరు?”

ఆయన కాగితాల్లోకి చూసుకుని, “మా సిబ్బంది,” అన్నాడు.

“మీ సిబ్బందా? మా ట్రాక్టరప్పా, మా ట్రాక్టరు!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. మండపం గొల్లుమంది. అప్పటిదాకా నన్ను చూసి నవ్వినవాళ్ళే ఇప్పుడు ఆయన్ను చూసి నవ్వారు.

అధ్యక్షుడు మైకు తట్టాడు. “రూలు ప్రకారం ఫిర్యాదు అందినప్పటి నుంచే లెక్క. తీసుకుపోవడం, తీసుకురావడం అంతా సంస్థ బాధ్యతే. మీరు ఫిర్యాదు చేశారా అమ్మా?”

“లైన్‌మన్‌కు చెప్పినాం సార్. ఎప్పుడూ ఆయప్పకే చెప్తాం.”

“ఫిర్యాదు నంబరు ఉందా?”

“నంబరు యాడిది సార్?”

“అదీ సమస్య. నంబరు లేకపోతే ఫిర్యాదు లేనట్టే. అప్పుడు మేము సంస్థను ఏమని అడుగుతాం? మీరు కూడా కొంచెం బాధ్యతగా ఉండాలి.”

బాధ్యత! మా ఆయన బొటనవేలు నా కళ్ళ ముందు కదిలింది. నంబరు లేదు కాబట్టి మా ఊళ్ళో ఇన్నేళ్ళలో ఒక్క ట్రాన్స్‌ఫార్మరూ కాలలేదు. మేమే పని లేక, సరదాకు, దాన్ని దింపి గడ్డి మీద కూర్చోబెట్టి ఊరంతా తిప్పాం. మేము ఎంత తొందరగా మోసుకుపోతే ఆ తెర మీద వాళ్ళ పేరు అంత బాగా వెలిగింది. ఆ మాట చెప్పబోతే, “నోట్ చేసుకున్నాం, కూర్చోండి,” అన్నాడాయన. ఎవరూ కలం కూడా ముట్టుకోలేదు, నేను చూస్తూనే ఉన్నాను.

భోజనాల దగ్గర అందరికీ చీనీ రసం ఇచ్చారు. నేను తాగలేదు. కోడలు తాగింది. బాగుందని కూడా చెప్పింది.

పొద్దు వాలేలోపు ఊరు చేరాం. మగవాళ్ళు దిమ్మె దగ్గర చేరి, పొద్దున ఎవరు పైకెక్కాలి, ఎవరు తాడు పట్టాలి అని మాట్లాడుకుంటున్నారు. మా ఆయన తాళ్ళు సరిచూసుకుంటున్నాడు, పెళ్ళికొడుకు పంచె సరిచూసుకున్నట్టు.

“ఈ తూరి దింపొద్దు,” అన్నాను. “నంబరు లేకుండా మనమే దింపితే కాలినట్టు కాదంట. ఫోన్ చేసి నంబరు తీసుకోవల్ల. వాళ్ళే వచ్చి తీసకపోవల్ల. రూలంట.”

“రూలు నీళ్ళు పెడ్తాదా చెట్లకు?” అన్నాడు మా ఆయన.

“ఇన్ని తూర్లు మోసినారే, ఏటా కాలేది మానిందా?”

“మేయ్, మీటింగుకు పొయ్యి అన్నం తిని వచ్చి మాకు చెప్తాండావే. పిందె రాలితే వాళ్ళొచ్చి అతికిస్తారా?”

ఒకాయన నవ్వి, “వదిన నాలుగచ్చరాలు నేర్చుకున్యాక కమిషన్ పెట్టిందిరప్పా,” అన్నాడు.

వాళ్ళ మీద నాకు పుట్టిన అసహ్యం మండపంలో పుట్టినదానికంటే తక్కువేమీ కాదు. ఆ పెద్దమనుషులు కూర్చున్న చోటు నుంచి కదలకుండా మంచిపేరు తెచ్చుకుంటున్నారు. వీళ్ళు నడుములు విరగ్గొట్టుకుని దాన్ని వాళ్ళకు అందిస్తున్నారు, దానికి మీసాలు కూడా దువ్వుకుంటున్నారు. కానీ మా ఆయన అడిగింది తప్పు కాదు. చెట్లు రూలు తాగవు. ఫోన్ చేసి ఎదురుచూస్తే వాళ్ళు ఎప్పుడొస్తారో తెలియదు. అంతదాకా పిందె నిలవాలి.

ఇంటికి వచ్చి కోడలు తన సంఘం స్నేహితురాలికి ఫోన్ చేసింది. ఆమె బోరు వంక అవతల, అంటే వాగు దాటాక ఉంది. వేరే ట్రాన్స్‌ఫార్మర్. “నీళ్ళకేముంది, రాండి, పట్టుకోండి,” అందట ఆమె.

మరుసటి రోజు తెల్లవారగానే, మగవాళ్ళు రాకముందే, నేనూ కోడలూ మోటారు కొట్టానికి పోయాం. కోడలు ఫిర్యాదుల ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. మర మనిషి గొంతు ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది. ఆఖరికి ఒక ఆడపిల్ల వచ్చింది.

“ట్రాన్స్‌ఫార్మర్ దింపారా మేడమ్?”

“దింపలేదమ్మా. దింపం.”

“మీ లైన్‌మన్‌కు చెప్పండి మేడమ్.”

“నీకు చెప్తాండా. నంబరు ఇయ్యి.”

ఆ పిల్ల ఏవో మీటలు కొట్టింది. తర్వాత ఒక్కొక్క అంకే చెప్పింది. నేను కొట్టం గోడ మీద, నా అ, ఆల కింద, బొగ్గుతో పెద్దగా రాసుకున్నాను. మళ్ళీ చెప్పించుకుని సరిచూసుకున్నాను.

అప్పటికి ట్రాక్టర్ వచ్చింది. తాళ్ళు భుజాన వేసుకుని మా ఆయన వెనకే వచ్చాడు. నేను పోయి దిమ్మె మెట్టు మీద కూర్చున్నాను.

“లెయ్యి,” అన్నాడు.

“నంబరు వచ్చింది. గోడ మీద ఉండాది, పొయ్యి చూడు. ఇప్పుడు దీన్ని మనమే మోసకపోతే, వాళ్ళే మార్చినట్టు రాసుకుంటారు, ఆ నంబరు గూడా పోతాది.”

“చెట్లు?”

“ట్రాక్టర్ వచ్చింది గదా. డ్రమ్ములు ఎక్కించు. వంక అవతల నీళ్ళు ఇస్తారంట.”

ఆయన నన్ను చూశాడు, ట్రాన్స్‌ఫార్మర్‌ను చూశాడు, ట్రాలీలో పరిచిన గడ్డిని చూశాడు. నిన్న నవ్విన ఆయనే, “ఏమన్నా, డ్రమ్ములు ఎక్కించమంటావా?” అని అడిగాడు. మా ఆయన భుజం మీది తాళ్ళు తీసి కింద పడేశాడు.

నేను లేచి కొట్టం వెనక ఉన్న డ్రమ్మును దొర్లించుకుంటూ ట్రాలీ దగ్గరికి తెచ్చాను. కోడలు ఇంకోటి తెచ్చింది. రెండూ ఎక్కించాక, ట్రాన్స్‌ఫార్మర్ కోసం పరిచిన గడ్డి మీద నేనే ఎక్కి కూర్చుని, పోనిమ్మన్నాను.