పడవకు బర్రె గొలుసులు

మొన్న కరీంనగర్ డ్యాం కట్ట మీద ఒక జీపు వెనక తగిలించిన నున్నటి ప్లాస్టిక్ పడవను చూశాను. జీపుకు నిమ్మకాయంత ఇనుప గుండు, దాని మీద టోపీలా కూర్చున్న కొక్కెం, కింద ఒకదాని మీదొకటి అడ్డంగా వేసిన రెండు గొలుసులు. ఆ గొలుసులు కంటబడగానే మనసులో లెక్క మొదలైంది: ఒక తెడ్డు, ఒక లాంతరు, మా అత్త పెట్టిన మామిడి తొక్కు జాడీ. ఎనభైల నడుమ మా మేనమామ పడవను చెన్నూరు నుంచి ఇదే డ్యాంకు తెచ్చిన రోజు దారిలో పోయినవి ఇంతే. పడవ మాత్రం పోలేదు.

మామకు ఆ నాటు పడవే పొలమూ పుట్రా. బస్సులు పెరిగి గోదావరి రేవులో ఎక్కేవాళ్లు కరువయ్యాక, డ్యాం నీళ్లకు అటూ ఇటూ అయిన పల్లెల మధ్య నడుపుకుందామని బయలుదేరాడు. కొత్తది చేయించే తాహతు లేదు, దారిలో ఇది పగిలితే ఇక కూలికి పోవడమే. అప్పట్లో నేను రైసుమిల్లులో బస్తాలు లెక్కపెట్టేవాణ్ణి, ఏడో తరగతి దాటాక లెక్కలన్నీ సొంతంగా పట్టుకున్నవే, అయినా పడవనెక్కించే ట్రాలీని ట్రాక్టరుకు ఎట్లా తగిలించాలో చూడమని మామ నన్నే పిలిపించాడు.

ముందు బరువు తేలాలి. ఖాళీ పడవ నీళ్లలో జానెడు మునిగేది, పది బస్తాల వడ్లు వేస్తే ఇంకో జానెడు దిగేది, అంటే పడవ తూకం ఇంచుమించు పది బస్తాలు. డ్రైవరేమో ట్రాలీని ట్రాక్టరు వెనక పైకి లేచే ఇనుప చేతులకు కట్టి, గడ్డపార ముక్కను సీలగా దోపుదామన్నాడు. అంత ఎత్తున లాగితే గడ్డ ఎక్కేటప్పుడు ట్రాక్టరు మూతి లేస్తుందని, కింది ఇనుప పట్టీకే తగిలించాలని, రంధ్రం నిండా పట్టే సీల, అది ఎగరకుండా అడుగున క్లిప్పు ఉండాలని నేను పట్టుబట్టాను.

అంతలో అత్త అడ్డం వచ్చింది. గంగను, అంటే మా గోదావరిని, విడిచిపోయే పడవ గంగ దిక్కే మొఖం పెట్టి పోవాలట, వీపు చూపొద్దట. నాకు విసుగొచ్చింది గానీ, పడవ మూతి వెనక్కి తిప్పేసరికి వెడల్పాటి బరువు భాగం ట్రాక్టరు వైపు వచ్చి, ట్రాక్టరుకు తగిలించే ట్రాలీ ముక్కు పైకి తన్నే భయం పోయింది. ఆ ముక్కు ఒక్కడు ఎత్తితే లేవకూడదు, ఇద్దరెత్తితే లేవాలి అనుకుని, అంతదాకా పడవను జరిపి జరిపి తాళ్లతో బిగించాం. చివర్న అత్త కొట్టంలోని రెండు బర్రె గొలుసులు తెచ్చి ముక్కు కింద ఒకదాని మీదొకటి అడ్డంగా వేసి ట్రాక్టరుకు తగిలించాను.

మామ పడీ పడీ నవ్వాడు. “గిది బర్రె గాదు అల్లుడా, తెంపుకొని పోతదా ఏంది? గీ గొలుసులు అక్కరకొస్తే నిన్ను పదిమార్లు నీళ్లు దాటిస్త, పైస తీస్కోను.”

మంచిర్యాల దాటాక ఒక కల్వర్టు గుంతలో క్లిప్పు విరిగి సీల ఎగిరిపోయింది. ట్రాలీ ముక్కు రోడ్డును తాకకముందే గొలుసులు ఉయ్యాలలా పట్టుకున్నాయి. పైన పెట్టిన సామానే ఎగిరి కాలవలో పడింది. మామ దిగి, పడవను ఈ కొస నుంచి ఆ కొస దాకా చేత్తో తడిమాడు. ఎక్కడా పగులు లేదు. అప్పుడు గొలుసుల దగ్గర కూలబడి, “నీ బర్రె దక్కిందిరా అల్లుడా,” అన్నాడు.

మాట తప్పలేదు. పోయినప్పుడల్లా దాటించేవాడు, పోను ఒకటి, రాను ఒకటి అని ఇద్దరం లెక్కపెట్టుకునేవాళ్లం. తొమ్మిదోసారి అవతలి ఒడ్డుకు చేరాక ఈదురుగాలి లేచింది. “నువ్వు బస్సుల పో బిడ్డా, పదోది మల్లొచ్చినప్పుడు,” అని తనే ఎక్కించాడు. మళ్లీ వెళ్లేసరికి మంచం పట్టాడు, లేవలేదు.

ఇప్పుడా నీళ్ల మీద షికారు పడవలు తిరుగుతున్నాయి. అందంగానే ఉంటాయి గానీ, ఎక్కిన చోటే దింపుతాయి, ఎవర్నీ ఎక్కడికీ దాటించవు. నాకు మామ దగ్గర ఇంకా ఒకటి రావాలి.